పేరు పెట్టి పిలవండి

త్రిమూర్తులు మంచివాడైపోయాడని నాగశిరోమణి పిండిమర దగ్గర చెప్పినప్పుడు జగన్నాథపురంలో ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు.

"నిన్న నన్ను తిన్నావా అని అడిగారండి," అంది శిరోమణి చేతులకంటిన పిండి దులుపుకుంటూ. బియ్యం ఆడించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. ఒకావిడ మాత్రం ఉండబట్టలేక, "మీ ఆయనేనా?" అనేసింది. శిరోమణి మామూలుగా అయితే ఆ మాటకు ఒంటికాలి మీద లేచేది. ఆ రోజు నవ్వి ఊరుకుంది.

వాళ్ళ అనుమానంలో తప్పేమీ లేదు. త్రిమూర్తులు ఐస్ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. రోజంతా కంప్రెసర్ల చప్పుడు మీద అరిచి అరిచి బతికిన మనిషి, ఇంటికొచ్చినా ఆ గొంతు దిగేది కాదు. కూరలో ఉప్పు ఎక్కువైతే వీధి చివరి వాళ్ళకు తెలిసేది, తక్కువైతే పక్క వీధికి కూడా తెలిసేది. తమ్ముడితో తగువు, తోటివాళ్ళతో తగువు, పాలవాడితో తగువు. పండగకు పిలిచేవాళ్ళు కూడా మానేశారు. పిల్లలు లేరు. ఉన్న ఒక్క పెళ్ళామూ తక్కువ తిన్నదేమీ కాదు. పిండిమర నడిపే మనిషికి గొంతు లేకుండా ఎలా ఉంటుంది? ఆయన ఒకటంటే ఈవిడ నాలుగు అనేది. ఇద్దరూ కారాలు మిరియాలు నూరుకుంటూనే ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేశారు.

అలాంటి మనిషి ఒకనాడు ఫ్యాక్టరీలో ఎవరినో తిడుతూ తిడుతూ మధ్యలో కూలబడిపోయాడు. మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. ఒళ్ళంతా చచ్చుబడిపోయింది. కనురెప్ప కూడా ఆయన మాట వినలేదు. కానీ లోపల మనిషి మెలకువగానే ఉన్నాడని, అన్నీ తెలుస్తున్నాయని డాక్టర్లు చెప్పారు. అంత నోరున్న మనిషికి దేవుడు వేసిన శిక్ష చూసి శిరోమణి దేవుణ్ణి కూడా తిట్టింది.

అప్పుడే ఊరి చివర అంతర్వాణి పరిశోధనాలయం వాళ్ళు అలాంటి రోగులను చేర్చుకుంటున్నారని తెలిసింది. తలకు సన్నటి తీగల టోపీ ఒకటి పెడతారు. మనిషి మాట్లాడాలనుకున్న మాట నోటిదాకా రాకుండానే మెదడులో పట్టుకుంటారు. మంచం పక్కనున్న పెట్టె దాన్ని మాటగా మారుస్తుంది. గాజు గోడ వెనక ఆరు మంచాలు, ఆరు టోపీలు, ఆరు పెట్టెలు. క్రిములు చేరతాయని బయటివాళ్ళను లోపలికి రానివ్వరు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు గదిలో కూర్చోవాలి. అక్కడ ఒక మైకు, ఒక స్పీకరు, మధ్యలో బీరువా అంత యంత్రం. దాన్ని అక్కడివాళ్ళు గేటు అంటారు.

ఆ గేటును తయారుచేసిన ఇంజనీరు ఫణీంద్ర మొదటి రోజు మైకు వైరు సరిచేస్తూ శిరోమణికి చెప్పాడు. "లోపల ఆరు పెట్టెలున్నా బయటికి దారి మాత్రం ఇదొక్కటేనండి. మీరు పేరు పెట్టి పిలిస్తే ఆ పేరుగల పెట్టెకి మీ మాట వెళ్తుంది. ఆయన జవాబు ఇది తెచ్చి మీకు చెప్తుంది. అందరికీ గొంతు మాత్రం ఒక్కటే ప్రస్తుతానికి."

"ఆయనే నన్ను పిలవాలనుకుంటే?"

"అది కుదరదండి. బయటినుంచి అడిగితేనే లోపలినుంచి జవాబు. దారి రెండువైపులా తెరిస్తే ఎవడైనా దూరి మనిషి బుర్రతో ఆడుకుంటాడు. ఊఁ, పిలవండి మరి."

శిరోమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కనే ఉన్న నర్సు కూడా, "పేరు పెట్టి పిలవాలమ్మా," అంది. శిరోమణి నర్సు వంక, ఏం మాటలమ్మా అవి అన్నట్టు చూసింది. తిట్టేటప్పుడు కూడా ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి తిట్టలేదు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే కూడా పక్కావిడ చేత చెప్పించింది. మైకు దగ్గరికి వంగి, "ఏవండీ," అంది.

రేడియోలో వార్తలు చదివేవాడిలాంటి గొంతు, "చెప్పు," అంది.

శిరోమణి భోరుమంది. ఫణీంద్ర యంత్రం పని చేసిందని సంతోషపడి అవతలి గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ మహానుభావుడు ఒక్క నిమిషం ఆగి, ఆవిడ ఏమని పిలిచిందో ఆలోచించి ఉంటే ఈ గొడవే లేకపోను. అంత చదువు చదివాడు, ఇంట్లో వాళ్ళమ్మ వాళ్ళ నాన్నను ఏమని పిలుస్తుందో మాత్రం ఎన్నడూ చెవిన వేసుకోలేదు.

అలా ఏడు నెలలు గడిచాయి. శిరోమణి ప్రతి మంగళవారం మర కట్టేసి వెళ్ళేది. ఆ గొంతు ఎక్కువ మాట్లాడదు, కానీ మాట్లాడిన ప్రతి మాటా ఆవిడకు కొత్తే. తిన్నావా అంటుంది. గొంతు బొంగురుగా ఉంది, జలుబా అంటుంది. ఏం వండావని అడిగి, వంకాయ అంటే మెంతికారం పెట్టావా అంటుంది. ఒకసారి శిరోమణి మర బెల్టు తెగిన సంగతి చెప్పింది. పాత రోజుల్లో అయితే నీ మొహం, నీకు మర నడపడం వచ్చా అని ఎగిరేవాడు. ఈసారి, "చేతికి ఏమీ కాలేదు కదా," అన్నాడు. శిరోమణి ఆ రోజు దారిలో మల్లెపూలు కొనుక్కుని, ఎవరు చూస్తారోనని సిగ్గుపడుతూ ఇంటికి వచ్చింది.

ఇంటి తాళం ఎక్కడ పెట్టారంటే మాత్రం గుర్తులేదనేవాడు. ఫ్యాక్టరీ సంగతులూ గుర్తులేవు. జ్ఞాపకాలు కొన్ని పోతాయని అక్కడి డాక్టరు హైమావతి ముందే చెప్పింది. పోతే పోయాయి, పాత జ్ఞాపకాలతోపాటు పాత కోపం కూడా పోయిందని శిరోమణి సంతోషించింది.

అంతలో ఆ గొంతు కొత్త పాట మొదలుపెట్టింది.

"అలిసిపోయాను. ఈ టోపీ తీసెయ్యమను. ఊపిరి గొట్టం కూడా."

శిరోమణి వద్దంది, ఏడ్చింది, దండం పెట్టింది. మళ్ళీ మంగళవారం అదే మాట. ఆ పై వారమూ అదే. "నువ్వు తప్ప నాకు ఎవరున్నారు చెప్పడానికి," అంది ఆ గొంతు ఒకసారి. ఆ రోజు ఇంటికొచ్చి శిరోమణి ఆయన ఖాకీ చొక్కాలు బయటికి లాగి నేలకేసి కొట్టింది. ఇరవై ఎనిమిదేళ్ళు రాక్షసుడిలా వేపుకు తిని, మనిషిగా మారిన ఏడు నెలలకే పోతానంటాడా అని ఆవిడ కడుపు మంట. తరువాత ఆ చొక్కాలే ఏరుకుని మడతపెట్టింది. పోనీ, జీవితంలో మొదటిసారి మంచిగా అడిగిన కోరిక, ఎలా కాదంటాననుకుంది.

డాక్టరు హైమావతి కాగితం ముందు పెట్టింది. "ఆయన తన మాటగా మీతో చెప్పారు కాబట్టి, భార్యగా మీ సంతకం ఉంటే చాలు." శిరోమణి సంతకం పెట్టింది.

తీసేసే రోజున ఆఖరి మాటలకని శిరోమణి పొద్దున్నే వచ్చింది. ముందు గదిలో అప్పటికే ఒకావిడ కూర్చుని ముక్కు తుడుచుకుంటోంది. పేరు శేషుకుమారి. ఆవిడ భర్త నాలుగో మంచం. ఆవిడ శుక్రవారాలు వస్తుంది, అందుకే ఇద్దరూ ఎప్పుడూ ఎదురుపడలేదు. మనసు నిలవక ఇవాళ వచ్చానంది.

"మా ఆయన బతకనంటున్నారండి. టోపీ తీసెయ్యమంటున్నారు," అంది శేషుకుమారి.

"మా ఆయనా అదే మాటండి. ఇవాళే తీసేత్తన్నారు," అంది శిరోమణి, ఆవిడ చెయ్యి పట్టుకుని. "ఏం చేత్తాం. నిన్నటిదాకా వంకాయలో మెంతికారం పెట్టావా అని అడిగిన మనిషి…"

శేషుకుమారి చెయ్యి లాగేసుకుంది. "మెంతికారం మాట మా ఆయన కదండీ అన్నది?"

"మీ ఆయనెందుకంటారండీ, మా ఆయనన్నారు."

"నా గొంతు బొంగురుపోయిందని కూడా అడిగారు."

"ఏంటీ? జలుబా అని నన్నడిగారండి!" శిరోమణి లేచి నిలబడింది. "ఏవమ్మా, మా మాటలు చాటుగా వింటన్నావా ఏంటి? సిగ్గుండాలి!"

"నోరు జాగ్రత్త! నాకేం కర్మ మీ మొగుడి మాటలు వినడానికి! మీరే మా ఆయనతో మాట్లాడతన్నట్టున్నారు!"

ఇద్దరూ జుట్టు పట్టుకునేదాకా వచ్చింది. శేషుకుమారి ఎవరి మొగుడో తేల్చేస్తానని మైకు లాక్కుని, "ఏవండీ," అంది. స్పీకరు, "చెప్పు," అంది. శిరోమణి ఆవిణ్ణి భుజంతో తోసి, "ఏవండీ!" అని అరిచింది. స్పీకరు అదే గొంతుతో, "చెప్పు," అంది.

శిరోమణి మైకును తనవైపు తిప్పుకుంది.

"నేనెవర్ని?" అంది.

స్పీకరు నుంచి జవాబు వచ్చింది. "పిండిమర."

"మరి నేను?" అంది శేషుకుమారి.

"మేడ మీద కుండీలు. మందారం."

"ఇంతకీ నువ్వెవరివిరా?" అంది శిరోమణి.

"సూర్యప్రకాశరావుని. మొదటి మంచం."

ఆ మొదటి మంచం మనిషి గురించి ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. ఆయన కోసం వచ్చేవాళ్ళు లేరు. ఆ గొంతు ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చెప్పింది. "మొదటిరోజే నేను కాదని చెబుదామనుకున్నాను. చెబితే మళ్ళీ రారని చెప్పలేదు. నన్ను ఎవరూ పిలవరు. మీరు పిలిచారు."

"నీ పిలుపు మండిపోను! ఏడు నెలలు! ఏడు నెలలు నా చేత ఏవండీ అనిపించుకుంటావా? సిగ్గులేదా?"

"ఉంది."

"మరి తీసెయ్యమన్నది ఎవర్నిరా?"

"నన్నే. సంతకం పెట్టడానికి నాకు ఎవరూ లేరు. మీరు పెడతారనుకున్నాను. మీ ఆయన పేరు మీద పెడతారని నాకు తట్టలేదు."

శేషుకుమారి గోడకు చేరగిలబడి ఏడుస్తోంది. శిరోమణికి మాత్రం ఏడవడానికి తీరిక లేదు. గాజు గోడ వెనక, త్రిమూర్తులు ఉన్న మూడో మంచం దగ్గర ఇద్దరు తెల్ల కోట్లవాళ్ళు గొట్టాలు విప్పడానికి సిద్ధమవుతున్నారు.

ఆవిడ గాజు మీద రెండు చేతులతో బాదింది. "ఆపండి! ఆపండంటన్నాను! చెయ్యేశారంటే నరికేత్తాను!" పిండిమర మీద పెరిగిన గొంతు అది. గాజు దాటి వినబడి లోపలివాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. హైమావతి, ఫణీంద్ర పరుగెత్తుకుంటూ వచ్చారు.

సంగతి విన్నాక హైమావతి మొహంలో మొదట కనిపించింది భయం, వెంటనే కోపం. "అమ్మా, మొదటి రోజే చెప్పారు కదా పేరు పెట్టి పిలవమని. మేం చెప్పింది చెయ్యకుండా ఇప్పుడు మా మీద విరుచుకుపడితే ఎలా?"

"మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తామా? మీ ఇంట్లో పిలుస్తారేమో!"

ఫణీంద్ర గేటు తెర మీద ఏదో వెతుకుతున్నాడు. తలెత్తేసరికి మొహంలో నెత్తుటి చుక్క లేదు. "గుర్తుపట్టని పిలుపు వస్తే మొదటి పెట్టెకి పోయేలా పెట్టానండి. మొదట్లో ఇక్కడ ఆయనొక్కరే ఉండేవారు. తరువాత మిగతావాళ్ళు వచ్చారు, అది మార్చడం… మర్చిపోయాను. అన్నదమ్ములు, స్నేహితులు పేరు పెట్టే పిలిచేవారు కదా, వాళ్ళకి సరిగ్గానే వచ్చేది. అందుకే తెలీలేదు."

"మా ఆయనకి?"

"ఒక్క మాటా వెళ్ళలేదండి. ఆ పెట్టెకి పిలుపే లేకపోతే, మీరు రావడం మానేశారనుకున్నాను."

"ఆయన మాట్లాడలేదా? ఆయన నోరు ఊరుకునే నోరేనా?"

ఫణీంద్ర హైమావతి వైపు చూశాడు. ఆవిడ తల తిప్పుకుంటే తనే చెప్పాడు. "ఆ పెట్టెలో ఎప్పుడూ గోలగా ఉండేదండి. తీగ లోపమేమో అనుకుని మేం… గోల ఎక్కువైనప్పుడల్లా మత్తు పెంచాం."

శిరోమణి వాడి కాలరు పట్టుకుంది. "అది గోల కాదురా సచ్చినోడా! మనిషి పిలుస్తున్నాడు! ఏడు నెలలుగా మనిషి పిలుస్తుంటే సూదులు పొడిచారట్రా!"

హైమావతి మధ్యలోకి వచ్చి ఇద్దరినీ విడదీసింది. గొంతు తగ్గించి, మెత్తగా మాట్లాడింది. "నా మాట వినండి. ఇది బయటికి పొక్కితే ఈ కేంద్రం మూతపడుతుంది. ఆరుగురూ మళ్ళీ చీకట్లోకి పోతారు. మీ ఆయన ఎన్ని నెలలుగా బాధపడుతున్నారో ఇప్పుడే విన్నారు. సంతకం ఎలాగూ ఉంది. అనుకున్నట్టు కానిచ్చేద్దాం. ఆయనకీ విముక్తి, మీకూ మనశ్శాంతి."

ఏం మనిషమ్మా ఈవిడ! శిరోమణికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నిజం దాచడం ఎందుకు, ఆ మంటలోనే ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఊరుకుంటే సరిపోతుంది. ఇంటికెళ్ళి తలుపు వేసుకుంటే ఇక ఆ తిట్లు లేవు, ఆ అరుపులు లేవు. తిన్నావా అని అడిగిన గొంతునే మొగుడి గొంతని చెప్పుకుని మిగతా రోజులు వెళ్ళదీయొచ్చు. అది తన మొగుడు కాదని తనకూ, ఈ గదిలో ఉన్నవాళ్ళకీ తప్ప ఎవరికి తెలుసు? ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసి, హైమావతి చేతిలోని కాగితాన్ని లాక్కుంది.

"ముందు ఆయన్ని అడుగుతాను."

"అడగండి. ఆయన తన ఇష్టం చెబితే మాత్రం అదే ఆఖరి మాట. మీ సంతకం, ఆయన మాట, రెండూ ఉంటే నేను ఆగను," అంది హైమావతి.

శిరోమణి మైకు ముందు నిలబడింది. పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నాలుక తిరగని పేరేమీ కాదు. రేషన్ కార్డు మీద రోజూ చూసే పేరే. రెండుసార్లు గాలే వచ్చింది. ఫణీంద్ర నేను పిలవనా అండీ అంటే, కళ్ళతోనే వాణ్ణి వెనక్కి నెట్టింది. తరువాత కళ్ళు మూసుకుని, మర నడుస్తున్నప్పుడు అవతలి వీధిలో మనిషిని కేకేసినట్టు కేకేసింది.

"త్రిమూర్తులూ!"

గాజు వెనక మూడో మంచం మీద మనిషి కదల్లేదు, కదిలే మనిషి కాదు. పెట్టె మీద పచ్చ దీపం మాత్రం గబగబా కొట్టుకుంటోంది.

"ఎవరే అది?" అంది స్పీకరు. అదే వార్తల గొంతు.

"నేనేనండి. శిరోమణిని."

"చచ్చావనుకున్నాను."

"నేనెందుకు చస్తాను!"

"మరి ఏ గంగలో దూకావే ఇన్నాళ్ళూ? పిలిచాను. ఎంత పిలిచాను. పిలిస్తే సూది. పడుకోవడం, లేవడం, పిలవడం, మళ్ళీ సూది. ఇంటికి తాళం వేసి పోయావనుకున్నాను."

శిరోమణి మైకును రెండు చేతులా పట్టుకుంది. "వచ్చానండి. మంగళవారం మంగళవారం వచ్చాను. మీరనుకుని ఎవడితోనో మాట్లాడి పోయాను. వీళ్ళ యంత్రం వేరేవాడి దగ్గరికి పంపింది."

"ఎవడితో?"

"మొదటి మంచం ఆయనతో."

"మంచిగా మాట్లాడతాడా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు. "మీకంటే మంచిగా."

పచ్చ దీపం ఆగి ఆగి వెలిగింది. "అయితే వాడి దగ్గరికే పో. నాకు చాలు. ఈ తీగలూ గొట్టాలూ పీకెయ్యమను. పీకి పారెయ్యమను."

హైమావతి చెయ్యి చాపింది. "విన్నారు కదా. ఇప్పుడు ఆయన మాటే. కాగితం ఇవ్వండి."

శిరోమణి ఆవిడ వంక చూస్తూ కాగితాన్ని రెండుగా చింపింది, నాలుగుగా చింపింది, ముక్కలు హైమావతి కాళ్ళ దగ్గర పడేసింది. అప్పుడు మైకు వైపు తిరిగింది.

"పీకించను. ఏం చేత్తారో చేసుకోండి. మీరు చెప్పిన మాట నేనెప్పుడు విన్నానండీ, ఇవాళ వినడానికి? ఏడు నెలలు అరిచి అరిచి చచ్చిపోయుంటే అప్పుడు ఏడ్చేదాన్ని. చావలేదుగా! నోరు మూసుకుని పడుండండి!"

"నన్ను నోరు మూసుకోమంటావా?" అంది స్పీకరు.

ఇక మొదలైంది. ఆయన శిరోమణిని తిట్టాడు. శిరోమణి పుట్టింటివాళ్ళను తిట్టాడు. సూది పొడిచిన చేతులను, టోపీ పెట్టినవాణ్ణి, గొట్టం వేసినవాణ్ణి, ఐస్ ఫ్యాక్టరీ మేనేజరును, ఆఖరి రోజు తిని వచ్చిన ఉప్పు చేపల కూరను తిట్టాడు. కాకినాడ రేవులో కూడా నోటితో అనడానికి జంకే మాటలను ఆ యంత్రం వార్తలు చదివినంత మర్యాదగా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివింది. శేషుకుమారి చెవులు మూసుకుంది. లోపలి తెల్ల కోట్లవాళ్ళు పని మానేసి పెట్టె వైపు నోరు తెరుచుకుని చూస్తున్నారు. ఫణీంద్ర చేతుల్లో తల పెట్టుకుని కూర్చున్నాడు.

తెర మీద ఎర్ర గీతలు పైపైకి పోతున్నాయి. హైమావతి కంగారుగా, "ఆందోళన ఎక్కువైపోతోంది, ఇది ఆయనకి మంచిది కాదు, కాసేపు ఆపేద్దాం," అంటూ గేటు స్విచ్చు వైపు చెయ్యి చాపింది.

శిరోమణి ఆ చేతి మీద ఫెడీల్మని ఒకటి వేసింది. ముక్కాలి పీట ఒకటి కాలితో దగ్గరికి లాక్కుని, మైకు ముందు కుదురుగా కూర్చుంది.

"ముట్టుకున్నావంటే చెయ్యి విరిచేత్తాను," అంది. "మా ఆయన మాట్లాడతన్నారు."